రాణిగారి మోకాళ్ళు

ఈ ఎండాకాలం మా ఇంట్లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, మా మామగారు శ్రీరామ్మూర్తి స్టీల్ ప్లాంటులో రిటైరయ్యారు. రెండు, మా అత్తగారు దేముడమ్మ మోకాళ్ళు వంగడం మానేశాయి. మొదటిదానికి ఆర్డరు కాగితం ఆరు నెలల ముందే వచ్చింది. రెండోదానికి కాగితమూ లేదు, కబురూ లేదు. మే నెల మొదట్లో ఒక మంగళవారం సాయంత్రం, నాటకం రిహార్సల్లో, పదిమంది మగాళ్ళ ఎదుట ఆ మోకాళ్ళు మొరాయించాయి. పక్కనే నిలబడి చూసిన కోడల్ని నేనే కాబట్టి చెప్పే హక్కూ నాదే.

మాది కూర్మన్నపాలెం. మామగారికి ప్లాంటు ఒక ఉద్యోగం, నాటకం ఇంకో ఉద్యోగం. ఏది ఎక్కువ శ్రద్ధగా చేశారో నన్నడక్కండి. ముప్ఫై ఏళ్ళుగా ఒకే నాటకం, ఒకే వేషం, త్యాగకేతు మహారాజు. ఆ పద్యనాటకం రాసింది వాళ్ళ నాటక సమాజం కార్యదర్శి చలమయ్య గారి నాన్నగారు. కథ పెద్దదేం కాదు. ఒక ముని వచ్చి రాజ్యం అడుగుతాడు, రాజు ఇచ్చేస్తాడు. నగలడుగుతాడు, రాణి ఒంటి మీదవి ఒలిచి ఇచ్చేస్తాడు. సేవ చేయడానికి మనిషి కావాలంటాడు, రాణినే ఇచ్చేస్తాడు. ఆఖర్న దేవతలు పూలవాన కురిపిస్తారు, రాజు మీద.

రాణి పేరు కనకలత. నాటకం మొత్తంలో ఆవిడ మూడుసార్లు రాజు కాళ్ళ మీద పడుతుంది. ఒకసారి అడవికి వెంట వస్తానని అడగడానికి, ఒకసారి అలా అడిగినందుకు క్షమించమనడానికి, మూడోసారి తననే దానమిచ్చేసినప్పుడు. పెళ్ళయిన కొత్తలో ఇదంతా చూసి నాకు ఒళ్ళు మండి, "మామయ్యా, ఇచ్చీసే ముందు ఆవిడ్నొక మాట అడగొచ్చు కదా?" అన్నాను.

"అడిగితే త్యాగం ఎలాగవుద్దమ్మా?" అన్నారాయన, పప్పులో ఉప్పెంతో చెప్పినంత మామూలుగా.

మగవేషాలన్నీ ప్లాంటు వాళ్ళే వేస్తారు. రాణి వేషానికి మాత్రం బయటి నుంచి మనిషిని పిలిపించుకోవడం సమాజం ఆచారం. పదిహేనేళ్ళుగా విజయనగరం నుంచి వరహాలమ్మ గారే వస్తున్నారు. సభ్యుల ఇళ్ళల్లో ఆడవాళ్ళ వంతు రిహార్సల్‌కి టీలూ పకోడీలూ పంపించడం. స్టేజీ ఎక్కడం వాళ్ళ వంతు కాదు.

కానీ అసలు రిహార్సల్ మా ఇంట్లో పొద్దున్నే జరిగేది. మామగారు పెరట్లో కుళాయి దగ్గర గడ్డం గీసుకుంటూ రాజు పద్యం ఎత్తుకుంటారు. అది అయ్యేసరికి వంటింట్లోంచి రాణి పద్యం వస్తుంది. అత్త పచ్చడి రుబ్బుతూ పాడేది. ఆ గొంతు వినపడితే పక్కింటివాళ్ళు కుక్కర్ మంట తగ్గించేవారు. ఆవిడ అందిస్తేనే ఆయనకి తరవాతి పద్యం గుర్తుకొచ్చేది. ముప్ఫై ఏళ్ళలో ఆ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఇరవై అయిదో తారీకున ఉక్కునగరం మైదానంలో ఆట. ముప్ఫై ఒకటిన రిటైర్మెంటు. ఇదే ఆఖరి ఆటని మామగారు తెలిసినవాళ్ళందరికీ పేరుపేరునా చెప్పుకున్నారు. సరిగ్గా అప్పుడు చలమయ్య గారు చెమటలు కక్కుకుంటూ మా ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"బావా, కొంప మునిగిపోనాది. వరహాలమ్మ రాదట. కూతురు పురుడంట, అక్కడికెల్లిపోనాది."

"మరి ఇంకెవల్నైనా తెండి."

"ఇది జాతర్ల సీజను బావా. ఎవలు దొరుకుతారు? రాణి లేకుండా నువ్వేటి దానం సేత్తావ్?"

మామగారి మొహం మాడిపోయింది. నేను అప్పుడే అచ్యుతాపురం కంపెనీ బస్సు దిగి వచ్చాను. మెడలో ఐడీ కార్డు కూడా తియ్యలేదు. ఎండకో, ఆకలికో, నోరు ఊరుకోలేదు.

"రాణి మనింట్లోనే ఉంది కదా మామయ్యా," అన్నాను.

"ఎవలు, నువ్వా?"

"నాకు పద్యమెత్తుకుంటే రెండో ముక్కకే దగ్గొస్తాది. అత్త."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది.

"ఏటి మాటలమ్మా అవి? సంసారం సేసుకునే ఆడది మొకానికి రంగేసుకుని స్టేజీ ఎక్కడవేటి? జనం ఏటనుకుంటారు?" అన్నారు మామగారు.

"మరి వరహాలమ్మ గారు సంసారం సేసుకోవట్లేదేటి? కూతురికి పురుడు కూడా పోత్తన్నారు కదా," అన్నాను. చలమయ్య గారు గోడ మీది క్యాలెండరు చదవడం మొదలెట్టారు.

అత్త టీ పళ్ళెం పట్టుకొచ్చింది. గ్లాసులు ఇవ్వకుండా పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

"నాను ఎక్కుతాను," అంది. "తగరపువలస హైస్కూల్లో ఒక్కసారి ఎక్కినాను. మళ్ళీ ఎక్కుతానని ముప్ఫై నాలుగేళ్ళ నుంచీ అనుకుంటన్నాను. ఎవలికీ సెప్పలేదు, అంతే. నాకు ఆశుంది. ఈ ఒక్కసారీ ఎక్కనియ్యండి. కాదంటారా, రేపట్నుంచి పెరట్లో మీ పద్యం మీరే అందుకోండి."

ఆఖరి మాటకి మామగారు ఉలిక్కిపడ్డారు. ఆయన ఒప్పుకున్నది ఆశ మాటకో, బెదిరింపుకో నాకిప్పటికీ తెలీదు. మొత్తానికి ఒప్పుకున్నారు.

*

రిహార్సల్ కమ్యూనిటీ హాల్లో. పుస్తకం పట్టుకుని మాట అందించే పని నాకిచ్చారు. హార్మోనియం పీర్ మహమ్మద్ మాస్టారిది. పాతూళ్ళో హార్మోనియాలు బాగుచేసే కొట్టు ఆయనది. మామగారంటే ప్రాణం.

అత్త మొదటి పద్యం ఎత్తుకుంది. ఎత్తుకుని ఆపేసింది. వంటింట్లో ఖంగుమనే గొంతు అక్కడ బొంగురుపోయింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ అంతే. చలమయ్య గారు నా వైపు చూసిన చూపు, 'చెప్పానా' అన్నట్టుంది. ఇంత చేసి అత్తని నలుగుర్లో నవ్వులపాలు చేశానా అనిపించింది.

"మాస్టారూ, ఇది ఎవల శ్రుతి?" అని అడిగింది అత్త.

"రాజుగారిది వదినమ్మా. రెండు, మగగొంతు శ్రుతి."

"మరి రాణిగారిదో?"

పీర్ మాస్టారు తల అడ్డంగా ఊపారు. "రాణిగారికి వేరే శ్రుతి లేదు. వరహాలమ్మ గారు కూడా గొంతు కిందికి నొక్కుకుని ఇందులోనే పాడేవారు."

"నాది ఐదున్నర. ఇంట్లో పాడుకునేది అదే. రాణి పద్యాలకి అది పెట్టగలరా?"

"దాందేముంది, వేళ్ళు ఇక్కణ్ణించి తీసి అక్కడెయ్యడమే కదా," అని ఆయన వేళ్ళు ఆరు మెట్లు పైకి జరిపారు. జరిపి, తనే తెల్లబోయినట్టు అన్నారు: "అరె! ముప్ఫై ఏళ్ళలో ఎవలూ అడగలేదు భయ్యా."

అత్త పాడింది. వరండాలో క్యారమ్స్ ఆడుకునేవాళ్ళు స్ట్రైకర్ వదిలేసి లోపలికొచ్చారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఏడుపు కాదు, గర్వం. మామగారు మాత్రం కండువా సర్దుకుంటూ, "మరీ అంత పైనుంచా?" అని గొణిగారు.

తరవాత అసలు సంగతి వచ్చింది. పుస్తకంలో 'పాదములపై బడి' అని ఉన్న చోటు. అత్త పడలేదు.

"పడమ్మా, కాళ్ళ మీద పడాల," అన్నారు చలమయ్య గారు.

"మోకాళ్ళు వొంగవు అన్నయ్యా. డాక్టరు నేల మీద కూకోవద్దన్నాడు."

ఏ డాక్టరో నాకు తెలీదు. బీపీ చూపించడానికి ఆవిణ్ణి తీసుకెళ్ళేది నేనే. మోకాళ్ళ ఊసు ఎప్పుడూ రాలేదు. అత్త నా వంక చూడలేదు, నేను పుస్తకంలోంచి తలెత్తలేదు.

"కనకలత కాళ్ళ మీద పడకపోతే ఎలాగమ్మా? మా నాన్న మూడుసార్లు రాసినాడు!"

"మీ నాన్నకి మోకాళ్ళ నొప్పులుండవు గావాల."

అందరూ నవ్వారు. చలమయ్య గారు నవ్వలేదు. "కాళ్ళ మీద పడని రాణికి జనం ఏడవరు బావా. ఆట పోద్ది. నీ ఆఖరి ఆట," అన్నారు మామగారితో. అది నిజంగానే ఆయనకి గుచ్చుకుంది.

ఇంకో చిక్కుంది. మూడోసారి రాణి పాదాల మీద పడి పద్యం ముగించాక, రాజు వంగి భుజాలు పట్టుకుని "లెమ్ము, కనకలతా" అనాలి. నిలబడ్డ మనిషిని లెమ్మంటే ఎలా? ఆ మాట బదులు "పొమ్ము" అనమన్నారు చలమయ్య గారు. మామగారు పది రిహార్సల్స్‌లో పదిసార్లూ "లెమ్ము" అనే అన్నారు. అన్నప్పుడల్లా అత్త "లేచే ఉన్నాను మహారాజా," అనేది. ఆయన నాలిక్కరుచుకునేవారు.

అలాగని మోకాళ్ళని ఆయన అశ్రద్ధ చెయ్యలేదు. ఏదో తైలం తెచ్చారు. సాగే బట్ట మోకాలి పట్టీలు ఒక జత తెచ్చారు. రాత్రి అన్నాలయ్యాక అత్త ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ఆయనే కింద చతికిలబడి తైలం రాసేవారు. "తగ్గిందేటే?" అని అడిగేవారు. "ఏదీ, ఇంకా ఎక్కడ?" అనేది అత్త. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆవిడ కాళ్ళు ఆయన దగ్గర్నుంచి చూడడం అదే మొదలనుకుంటాను. మా ఆయన సాయిశంకర్ బి షిఫ్టు నుంచి వచ్చి ఈ దృశ్యం చూసి, మళ్ళీ గుమ్మం బయటికెళ్ళి ఇంటి నంబరు చూసుకొచ్చాడు.

*

ఇరవై అయిదో తారీకు సాయంత్రం ఏడింటికి తెర లేచింది. మైదానం నిండా జనం. రోజంతా ఉడికించిన ఎండ పోయి సముద్రం గాలి మొదలైంది. పక్క తెర చాటున పుస్తకం పట్టుకుని నేను నిలబడ్డాను. కిరీటం పెట్టుకున్న అత్తని చూస్తే, పొద్దున్న గ్యాస్ బండవాడితో దెబ్బలాడిన మనిషేనా అనిపించింది.

"భయమేత్తందా అత్తా?"

"ఏత్తంది. బాగుంది," అంది.

మొదటి రెండుసార్లు కాళ్ళ మీద పడాల్సిన చోట ఆవిడ నిలబడే మాట చెప్పింది. ముందు వరసలో ఎవరో గుసగుసలాడారు. అవతలి పక్క తెర చాటున చలమయ్య గారు నుదురు కొట్టుకోవడం కనిపించింది. రాజు తడబడి ఒక పద్యంలో సగం మింగేశారు.

మూడో చోటు వచ్చింది. పీర్ మాస్టారు వేళ్ళు పైకి జరిపారు. అత్త రాజుకి ఎదురుగా వచ్చి నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ ఎత్తుకుంది:

రాజ్య మిచ్చితి వొక్కటే రాత్రిలోన
నగల నిచ్చితి వాతని నవ్వు జూచి
నన్ను నిచ్చితి వింకేమి నాథ! మిగిలె
నీదు పాదమ్ము లొక్కటే నిలిచె నాకు

ఈ పద్యం నేను వందసార్లు విన్నాను. వరహాలమ్మ గారు దీన్ని రాజు పాదాలకి చెప్పేవారు. ఆఖరి పాదం మైకుకి అందేది కాదు. ఏడుపు మాత్రం వినపడేది. ఇప్పుడు ఒక్క ముక్క మార్చకుండా అదే పద్యం. కానీ కళ్ళల్లోకి చూస్తూ 'నన్ను నిచ్చితి' అన్నప్పుడు రాజు కళ్ళు కిందికి దిగిపోయాయి. రాణి ఏడవలేదు. అడిగింది. అంతే తేడా.

పద్యం అయింది. తరవాత మధ్య వరసల్లోంచి ఒక ముసలావిడ గొంతు, "వన్స్ మోర్!" అని లేచింది. మా ఆటలకి వన్స్ మోర్ ఎప్పుడూ మగవాళ్ళే కొట్టేవారు, అదీ రాజుకి. ఆ ముసలావిడ వెనకాల ఇంకో ఆడగొంతు, ఇంకో పది. వన్స్ మోర్ పడితే మళ్ళీ పాడి తీరాలి, అది నాటకం ధర్మం. అత్త మళ్ళీ పాడింది. ఈసారి ఇంకా నెమ్మదిగా, ఆ మూడో పాదం దగ్గర రాగం తీస్తూ తీస్తూ, ముప్ఫై నాలుగేళ్ళ బాకీ తీరేదాకా తీసింది.

ఇప్పుడు రాజు మాట. నేను తెర చాటునుంచి "పొమ్ము, పొమ్ము" అని అందిస్తూనే ఉన్నాను. మామగారికి వినపడలేదు. ఆయన కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. ముప్ఫై ఏళ్ళ అలవాటు నడుముని లాగింది. పద్యం ఆగిన చోట రెండు చేతులూ చాచి, నేల మీద పడి ఉన్న రాణిని లేపడానికి కిందికంటా వంగారు.

అక్కడ రాణి లేదు. రాణి పాదాలున్నాయి.

త్యాగకేతు మహారాజు కిరీటంతో సహా భార్య పాదాల ముందు వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. పైకి లేస్తే తప్పు బయటపడుతుంది, లేవకపోతే ఆట ఆగిపోతుంది. పుస్తకంలో ఈ చోటికి మాట లేదు. నేను పేజీలు తిప్పుతున్నాను. ఆయన ఆఖరి ఆట, నా నోటిదురద వల్ల నాశనమైపోయిందనుకున్నాను.

అత్త వంగలేదు. చెయ్యి ఒక్కటి చాచి ఆయన భుజం మీద వేసింది.

"లెమ్ము, నాథా," అంది, నిదానంగా, మైదానం చివరిదాకా వినపడేలా.

ఆ చప్పట్లు నేను చెప్పలేను. కొబ్బరినీళ్ళవాడు బండి వదిలేసి కొట్టాడు. మామగారు లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలీక, భార్యకి దణ్ణం పెట్టేశారు. అది కూడా నాటకంలో ఉన్నదే అనుకున్నారు జనం.

*

రంగులు తుడుచుకునే చోట చలమయ్య గారు ఎగిరిపడ్డారు. "మా నాన్న రాసింది ఇది కాదు!"

"అక్షరం మారలేదు భయ్యా," అన్నారు పీర్ మాస్టారు హార్మోనియం మూస్తూ. "'లెమ్ము' అని రాసున్నాది, 'లెమ్ము' అన్నారు."

మామగారు ఏమీ అనలేదు. ఇంటికొచ్చీ అనలేదు. వారం రోజులు అనలేదు. పొద్దున్న కుళాయి దగ్గర పద్యం లేదు, వంటింట్లో జవాబు లేదు. పక్కింటావిడ గోడమీంచి తల పెట్టి, "ఏటమ్మా, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది. నేను అత్తతో, "కోపమొచ్చినట్టుంది," అన్నాను. "రానీ. నాకు సంతోషమొచ్చినాది, నాను దాసుకున్నానేటి?" అంది.

ముప్ఫై ఒకటిన ప్లాంటులో దండలేసి, శాలువా కప్పి, కారులో దింపి వెళ్ళారు. మర్నాడు ఆదివారం. పొద్దున్నే చలమయ్య గారు వచ్చారు. మొహంలో నవ్వు దాచుకోలేక అవస్థ పడుతున్నారు.

"బావా, తగరపువలస నుంచి ఫోనొచ్చినాది. అక్కడ ఆట కావాలంట. రిటైరైతే ఏటి, రాజు నువ్వే. కాకపోతే వాళ్ళొక షరతు పెట్టినారు." ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆ నిలబడే రాణే కావాలంట."

మామగారు నిదానంగా లేచి పెరట్లోకి నడిచారు. ఏం జరుగుతుందోనని కాఫీ గ్లాసుతో నేనూ వెనకాలే వెళ్ళాను. వెళ్ళి ఇద్దరం గుమ్మంలోనే ఆగిపోయాం.

జామచెట్టు నీడలో అత్త కత్తిపీట మీద కూర్చుని ఉంది. ఒక మోకాలు పీట మీద మడిచి, రెండోది నిలబెట్టి, మాగాయకి మామిడికాయలు తరుగుతోంది. పక్కన తరిగిన ముక్కలు రెండు పళ్ళేల నిండా ఉన్నాయి. కూర్చుని గంటన్నా అయి ఉంటుంది. దూరంగా పడ్డ కాయని ఇరవై ఏళ్ళ పిల్లలాగా ముందుకి వంగి అందుకుంది.

"ఏటే," అన్నారు మామగారు. "మోకాళ్ళో?"

అత్త తలెత్తలేదు. కాయ చెక్కు తీస్తూనే అంది, "ఇంటికాడ బాగానే వొంగుతాయి. స్టేజీ మీదే వొంగవు."

మామగారు ఆవిడ వంకే చూస్తూ నిలబడ్డారు, ఆ తైలం, ఆ పట్టీలు, ఆ పది రిహార్సల్సూ ఒకదాని తరవాత ఒకటి మొహంలో కదులుతుండగా. ముందు భుజాలు ఊగాయి, తరవాత పొట్ట ఊగింది. అంత నవ్వు ఆయన దగ్గర ఉందని నాకు తెలీదు. నవ్వుతూనే వచ్చి ఆవిడ ఎదురుగా చతికిలబడి, గుడ్డ తీసుకుని కాయలు తుడవడం మొదలెట్టారు.

"తగరపువలస వాళ్ళు నిన్నే అడిగినారు. ఎల్దామా?"

అత్త చేతిలో కాయ ఆగింది. ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు, స్టేజీ మీద చూసిందే. కాకపోతే ఇప్పుడు నవ్వుతోంది.

"మీరు అడిగినారు కదా," అంది. "ఎల్దాం."

కాయలన్నీ తుడవడం అయ్యాక మామగారు లేవబోయారు. లేవలేకపోయారు. మూడు వారాలు నేల మీద కూర్చుని తైలం రాసిన మోకాళ్ళు, ఈసారి నిజంగానే పట్టేశాయి. "ఓలమ్మో," అంటూ ఆయన చెయ్యి పైకి చాచారు.

అత్త టక్కున లేచి, చీర దులుపుకుని, పసుపచ్చ మామిడి జిగురు చెయ్యి అందించింది.